పశువుల్లో కడుపునొప్పి: కారణాలు, ఉపశమనం

కడుపునొప్పి (శూల) ఒక రోగం పేరు కాదు, లక్షణం. పొట్టలో గ్యాస్ నిండినా, పేగు మెలిపడినా, మూత్రం ఆగినా, చూడి గేదెలో గర్భసంచి మెలిక పడినా పశువు ఒకేలా బాధపడుతుంది. వెనుక కాలితో పొట్టను తన్నుకుంటుంది, డొక్క వైపు తిరిగి చూస్తుంది, మాటిమాటికీ పడుకుని లేస్తుంది, పళ్ళు కొరుకుతుంది, మేత మాని నెమరు వేయదు. అందుకే మందుకన్నా ముందు కారణం తెలుసుకోవాలి.

మొదట ఎడమ డొక్క చూడండి. అది ఉబ్బి, వేలితో కొడితే డోలులా మోగితే అది కడుపు ఉబ్బరం. లేత లూసర్న్, బర్సీమ్ వంటి పచ్చిమేతను ఖాళీ కడుపుతో ఎక్కువగా తిన్నప్పుడు ఇది వస్తుంది. పశువు ముందుకాళ్ళు ఎత్తులో ఉండేలా నిలబెట్టి, నోట్లో అడ్డంగా వేపకర్ర కట్టండి. దాన్ని నములుతూ ఉంటే లాలాజలం ఊరి, తేన్పులు వస్తాయి. పెద్ద పశువుకు వేరుశనగ నూనె పావు లీటరు నుంచి అర లీటరు వరకు తాగించవచ్చు. పశువు ఊపిరికి ఇబ్బంది పడుతూ నాలుక బయట పెడితే ఆలస్యం చేయకూడదు, గంటల్లోనే ప్రాణం పోవచ్చు.

తాగించేటప్పుడు తల మరీ పైకెత్తి, నాలుక పట్టి లాగి, గొట్టంతో గబగబా పోస్తారు చాలామంది. అలా పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతే, ఉబ్బరం తగ్గినా పశువు న్యుమోనియాతో చనిపోతుంది. కొద్దికొద్దిగా పోయాలి, దగ్గితే వెంటనే తల వదిలేయాలి. పడిపోయిన పశువుకు ఏమీ తాగించకూడదు.

పెళ్ళి విందులో మిగిలిన అన్నం, బస్తా విప్పుకుని తిన్న ధాన్యం, పిండి వల్ల వచ్చే అజీర్ణం వేరు. పొట్ట బరువుగా, మెత్తటి పిండిముద్దలా ఉంటుంది. పేడ పలుచగా పుల్లటి వాసన వస్తుంది, పశువు తూలుతుంది. కడుపులో ఆమ్లం పెరగడమే దీనికి కారణం. దాణా పూర్తిగా ఆపి, డాక్టరును పిలవాలి. తిన్న సంగతి దాచకుండా, ఎంత తిన్నదో కూడా చెప్పండి.

ఎద్దు, పొట్టేలు ముక్కుతూ మూత్రం చుక్కలుగా మాత్రమే పోస్తుంటే మూత్రనాళంలో రాయి అడ్డుపడి ఉండవచ్చు. దీనికి నాటు మందు పనిచేయదు.

అన్నిటికన్నా ఎక్కువగా మోసపోయేది చూడి గేదె విషయంలోనే. నెలలు నిండిన గేదె అశాంతిగా లేస్తూ పడుకుంటూ, నొప్పులు పడుతున్నా ఉమ్మనీటి సంచి కనపడకపోతే గర్భసంచి మెలిక తిరిగిందేమో అనుమానించాలి. రైతు మాత్రం అజీర్ణం అనుకుని రోజంతా పసర్లు పోస్తాడు, ఈలోగా లోపల దూడ చనిపోతుంది. పశువైద్యుడు గేదెను పడుకోబెట్టి పొర్లించి మెలిక విప్పుతాడు, కుదరకపోతే ఆపరేషన్ చేస్తాడు. చేయి పెట్టి లాగే ప్రయత్నం మీరు చేయవద్దు.

పొట్టపై వాతలు పెట్టడం ఇంకా అక్కడక్కడ కనిపిస్తోంది. దానివల్ల పుండు తప్ప ఫలితం లేదు.

ఉబ్బరం రాకుండా పచ్చిమేతకు ముందు కొంత ఎండుగడ్డి వేయండి, మేత మార్పు వారం పది రోజుల్లో నెమ్మదిగా చేయండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయవచ్చు. ఫోన్‌లో పశువు చూడిదో కాదో, చివరగా పేడ, మూత్రం ఎప్పుడు వేసిందో మొదటే చెప్పండి.