బిందుపథంలో ఒక మంత్రగత్తె

ఒక నియమానికి కట్టుబడి కదిలే బిందువు నడిచిన దారే బిందుపథం. గుంజకు కట్టేసిన ఆవు తాడు బిగించి తిరిగితే వృత్తం వస్తుందని పదో తరగతిలో మాస్టారు చెప్పారు. ఆవే ఎందుకు, ఎద్దు ఎందుకు కాదని అప్పట్లో నాకు తోచలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఒక వక్రం పేరు చదివి ఉలిక్కిపడ్డాను. 'విచ్ ఆఫ్ అగ్నేసి'. అగ్నేసి మంత్రగత్తె!

కాగితం తీసుకోండి. ఒక వృత్తం గీసి, దాని అడుగున ఒకటి, నెత్తిన ఒకటి, వృత్తాన్ని తాకుతూ రెండు అడ్డగీతలు గీయండి. అడుగున తాకిన బిందువు నుంచి ఏటవాలుగా గీత లాగితే అది వృత్తాన్ని ఒకచోట, పైగీతను ఇంకోచోట ఖండిస్తుంది. పైగీత మీది బిందువు నుంచి నిట్టనిలువుగా కిందికి, వృత్తం మీది బిందువు నుంచి అడ్డంగా పక్కకి గీస్తే రెండూ ఒకచోట కలుస్తాయి. ఏటవాలు గీతను తిప్పేకొద్దీ ఆ చోటు కదులుతుంది. అది నడిచిన దారే ఈ వక్రం. చిన్న గుట్టలా ఉంటుంది. రెండు వైపులా వాలుతూ అడుగు గీతకు దగ్గరవుతూనే ఉంటుంది, ఎన్నడూ తాకదు. అంతులేని ఆ గుట్ట కింది వైశాల్యం లెక్క కడితే సరిగ్గా వృత్తానికి నాలుగింతలు!

దీన్ని అగ్నేసి కనిపెట్టలేదు. 17వ శతాబ్దంలోనే ఫెర్మా చూశాడు. తర్వాత గ్విడో గ్రాండీ 'వెర్సియేరా' అని పేరు పెట్టాడు. తిరగడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. ఇటాలియన్‌లో దయ్యం పెళ్లాన్ని 'అవ్వెర్సియేరా' అంటారు. కేంబ్రిడ్జి ప్రొఫెసర్ జాన్ కోల్సన్ ఆ పుస్తకాన్ని అనువదించడానికే ముసలితనంలో ఇటాలియన్ నేర్చుకుని, ఆ మాటను 'విచ్' చేశాడు. పొరపాటో, పరిహాసమో అడగడానికి లేదు. 1760లో ఆయన పోయాడు, అనువాదం 1801లో అచ్చయింది. తమాషా ఏమిటంటే, ఆడవాళ్లకు గణితం అందాలనే ఆయన అంత శ్రమపడ్డాడు.

తమాషా అన్నాను గానీ, మన పల్లెల్లో చేతబడి చేసిందంటూ ఆడమనిషిని కొట్టి చంపినవాళ్లున్నారు. ఆ మాట నాకు నవ్వు తెప్పించదు.

ఇంతకీ ఎవరీ అగ్నేసి? మరియా గయతానా అగ్నేసి 1718లో మిలాన్‌లో పట్టు వ్యాపారంతో గడించిన ఇంట పుట్టింది. తండ్రికి ముగ్గురు భార్యల వల్ల 21 మంది పిల్లలు, ఈమే పెద్దది. ఇంటికొచ్చిన పెద్దమనుషుల ముందు తండ్రి ఆమె చేత లాటిన్‌లో వాదనలు చేయించేవాడు. తొమ్మిదేళ్లకే ఆమె స్త్రీల చదువును సమర్థిస్తూ లాటిన్‌లో ప్రసంగం వినిపించింది. ఆ పిల్లకు ఆ కొలువు ఇష్టమేనా అని ఎవరడిగారు? సన్యాసినుల్లో కలుస్తానంటే తండ్రి ఒప్పుకోలేదు.

1748లో రెండు సంపుటాలు, వెయ్యికి పైగా పేజీలతో గణిత గ్రంథం అచ్చేసింది. అవకలన, సమాకలన గణితాలను కలిపి, యువత కోసం, లాటిన్‌లో కాక ఇటాలియన్‌లో రాసింది. ఫ్రెంచి అకాడమీ ఎంతో మెచ్చుకుంది, ఆడవాళ్లను సభ్యులుగా మాత్రం అప్పట్లో చేర్చుకునేది కాదు! 1750లో పోప్ బొలోన్యా విశ్వవిద్యాలయంలో పదవి ఇచ్చాడు. ఆమె పాఠం చెప్పడానికి వెళ్లనేలేదు.

1752లో తండ్రి పోయాక గణితం వదిలేసింది. ఉన్నదంతా పేదలకు పెట్టింది. 1771 నుంచి మిలాన్‌లోని త్రివుల్జియో ఆశ్రమంలో స్త్రీల విభాగం చూసుకుంది. ప్రతిభ వృథా అయిందని కొందరు రాశారు. నాకలా అనిపించదు. తండ్రి నియమం తెగాక తన దారిన తాను నడిచింది.

1799లో పేదలతో పాటే ఉమ్మడి గోతిలో పూడ్చారు. ఇటలీలో ఆ వక్రాన్ని ఇప్పటికీ వెర్సియేరా అనే అంటారు.