లేజర్ సూక్ష్మ పరమాణు గడియారం

సీజియం లేదా రుబీడియం ఆవిరిని లేజర్ కాంతితో ఉత్తేజపరచి, ఆ పరమాణువుల సహజ పౌనఃపున్యంతో కాలాన్ని కొలిచే చిన్న సాధనం. సీజియం-133కు ఆ పౌనఃపున్యం సెకనుకు 9,19,26,31,770 కంపనాలు. అందులో సగం పౌనఃపున్యంతో లేజర్‌ను మాడ్యులేట్ చేస్తే, సరిగ్గా ఆ పూర్తి పౌనఃపున్యమంత తేడా గల రెండు కాంతి పౌనఃపున్యాలు పుడతాయి. ఆ తేడా పరమాణువులతో పొసగిన క్షణంలో ఆవిరి కాంతిని తక్కువగా పీల్చుకుంటుంది. ఆ వెలుగు పెరుగుదలే గడియారాన్ని సరిదిద్దుతుంది. పాత తరహా పరమాణు గడియారాలకు కావలసిన మైక్రోవేవ్ పేటిక దీనికి అక్కరలేకపోవడం పరిమాణం ఇంతగా తగ్గడానికి ఒక ముఖ్య కారణం.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2004లో బియ్యపు గింజంత కీలక భాగం గల నమూనాను ప్రదర్శించింది. 2011లో సుమారు 16 ఘన సెం.మీ. గడియారం మార్కెట్‌కు వచ్చింది.

దేశమంతటికీ స్థాన సూచన ఇచ్చే నావిక్ వ్యవస్థకు 2023 మే 29న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంలో స్వదేశీ రుబీడియం గడియారం ఉంది. అయితే అది ఇలాంటి సూక్ష్మ గడియారం కాదు. స్థాన సూచనకు వాడే గడియారంలో ఒక నానోసెకను పొరపాటు దూరం లెక్కలో 30 సెం.మీ. తేడా తెస్తుంది.