తాళమూ వాళ్ళదే, తాళంచెవీ వాళ్ళదే

హార్లీ డేవిడ్సన్ బండిని కుడివైపు నించి చూడండి. రెండు సిలిండర్లు 45 డిగ్రీల కోణంలో విచ్చుకుని ఉంటాయి. వాటి మధ్య, సరిగ్గా మోకాలి దగ్గర, గుండ్రటి డబ్బానో కోడిగుడ్డు ఆకారంలో మూతో ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. అదే ఎయిర్ క్లీనర్, ఇంజన్‌కి ముక్కన్న మాట. మామూలు బైకుల్లో ఈ ముక్కు సీటు కిందో ట్యాంకు కిందో దాక్కుంటుంది. హార్లీలో మాత్రం మెరుస్తూ బయటికి ఉంటుంది (ముక్కుపుడకతో సహా అనుకోండి). అందుకే బండి కొన్న ప్రతివాడి చెయ్యీ ముందు దాని మీదే పడుతుంది.

మా రూమ్మేటు చెయ్యీ పడింది. 2003 మోడల్, అంటే కంపెనీ వందేళ్ళ పండగ నాటి బండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. వారం తిరక్కుండానే "ఇంటేకు మార్చాలి, ఏది కొనమంటావు రా?" అని మొదలెట్టాడు. నాకు మెకానిక్ పని రాదు. కానీ ఎవడో రాసి వదిలేసిన పాత కోడు చదివి, ఇది ఇలా ఎందుకుందో కనిపెట్టటం నాకు రోజూ ఉండే పనే. ఇదీ అలాగే తవ్వాను. తవ్వితే ఇంజనీరింగ్ కంటే చట్టమూ, వ్యాపారమూ ఎక్కువ బయటపడ్డాయి.

మొదట్లో కథ శుభ్రంగానే ఉంది. 1958లో ఇల్లినాయి రాష్ట్రంలోని బ్లూ ఐలండ్ అనే ఊళ్ళో జార్జ్ స్మిత్, స్టాన్లీ స్టాంకోస్ అని ఇద్దరు కలిసి ఎస్ అండ్ ఎస్ అనే చిన్న దుకాణం పెట్టారు. స్మిత్ దగ్గర ట్రాంప్ అనే నకిల్‌హెడ్ రేసు బండి ఉండేది. రేసుల్లో పనికొచ్చే భాగాలు తన కోసం తనే చేసుకున్నాడు, తరవాత అవే అమ్మాడు. స్టాంకోస్ తొందర్లోనే తప్పుకున్నాడు, పేరు మాత్రం మిగిలింది. 1969లో దుకాణం విస్కాన్సిన్‌లోని వయోలాకి మారింది. వాళ్ళ కార్బురేటర్ల మీద ఉండే కన్నీటి చుక్క ఆకారపు మూత ఇవాళ్టికీ చూడగానే గుర్తుపట్టేస్తారు. ఆ 1969లోనే కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో కె అండ్ ఎన్ వాళ్ళ నూనె రాసిన నూలు ఫిల్టరు మొదలైంది. కాగితం ఫిల్టరు మురికిపడితే పారేస్తాం. దీన్నయితే ఉతికి, ఆరేసి, మళ్ళీ నూనె పట్టించి వాడుకోవచ్చు.

ఈ మనుషులకి గాలి నిజంగానే అవసరం. ఎందుకో ఒక చిన్న లెక్క చూద్దాం. మా వాడి ఇంజన్ 1450 సీసీ. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకోసారి అంత గాలి పీలుస్తుంది. నిమిషానికి 5000 చుట్ల దగ్గర, థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే, కాగితం మీద 3625 లీటర్లు. ఫిల్టరు పెట్టే అడ్డు సుమారుగా ప్రవాహం వర్గంతో పెరుగుతుంది. అంటే గాలి సగమైతే అడ్డు పావు వంతుకి పడిపోతుంది. రేసులో ఎప్పుడూ పై చివరనే ఉంటారు కాబట్టి ఆ అడ్డు తీసేస్తే లాభం. మరి హైవే మీద 2500 చుట్ల దగ్గర నింపాదిగా పోయేవాడికో? అక్కడ థ్రాటిల్ రేకు సగానికి పైగా మూసే ఉంటుంది. గాలికి అసలు అడ్డు మన మణికట్టే! ఎంత ఖరీదు ఫిల్టరు పెట్టినా ఆ రేకు దాటే గాలి అంతే. క్రూయిజర్ బండి జీవితమంతా గడిచేది అక్కడే కదా.

ఈ సంగతి నలభయ్యేళ్ళుగా తెలిసినా ఇంటేకులు ఎందుకు అమ్ముడుపోతున్నాయి? దానికి 1978కి వెళ్ళాలి.

అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ (ఈపీఏ) 1978 మోడళ్ళ నించి మోటార్ సైకిళ్ళ పొగకి తొలిసారి హద్దు పెట్టింది. 1980 మోడళ్ళ నించి హైడ్రోకార్బన్లు కిలోమీటరుకి 5 గ్రాములు మించకూడదు, పైగా క్రాంక్‌కేసు నించి వచ్చే ఆవిరి బయటికి వదలకూడదు. 2010 వచ్చేసరికి పెద్ద బండ్లకి హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు రెండూ కలిపి 0.8 గ్రాములకి దిగింది. దీనికి తోడు చప్పుడు: 1983 మోడళ్ళకి 83 డెసిబెల్స్, 1986 నించి 80. చప్పుడంటే మనకి సైలెన్సరే గుర్తొస్తుంది. కానీ థ్రాటిల్ తెరిచినప్పుడు గాలి పీల్చే నోరు కూడా బాగానే గర్జిస్తుంది, పక్కన మైకు పెట్టి కొలిచేటప్పుడు అదీ లెక్కలోకే వస్తుంది. కాబట్టి కంపెనీవాళ్ళు ఆ నోటికి సన్నటి గొట్టం పెట్టి, దాని మీద పెద్ద డబ్బా మూశారు. మాంసం నిలవ చేసే డబ్బాలా ఉందని బండ్లవాళ్ళు దానికి హ్యామ్ క్యాన్ అని పేరు పెట్టారు. వెక్కిరింతే అయినా పేరు భలే అతికింది.

ఇక్కడ బండివాడి ఫిర్యాదు పూర్తిగా అబద్ధం కాదు. షోరూమ్ నించి వచ్చే బండి నిజంగానే ముక్కు బిగించిన బండి. దాన్ని అలా బిగించింది ఇంజనీరు చేతకానితనం కాదు, పక్కింటివాడి చెవులూ ఊపిరితిత్తులూ. మన ఊళ్ళల్లో బుల్లెట్టు సైలెన్సర్లు పట్టుకుని పోలీసులు రోడ్డు రోలరుతో తొక్కించే ఫోటోలు చూసినప్పుడు మనం పక్కింటివాడి వైపే ఉంటాం. అదే మనం హ్యాండిల్ పట్టుకుంటే ఇటువైపు దూకేస్తాం.

అసలు మలుపు ఈ తరవాత. బిగించిన కంపెనీయే, విప్పే సామాను కూడా అమ్మటం మొదలెట్టింది. 1980ల నించి స్క్రీమిన్ ఈగిల్ అనే పేరుతో హార్లీ సొంత డీలర్ల దగ్గరే పెద్ద నోటి ఎయిర్ క్లీనర్లు, రేసు సామాను దొరికేవి. స్టేజ్ వన్ అంటే ఎయిర్ క్లీనర్, సైలెన్సర్, దానికి తగ్గట్టు పెట్రోలు సర్దుబాటు. బండి కొన్న రోజే, అదే కౌంటరు దగ్గర బిల్లులో కలిపేసే వస్తువు. తాళం వేసినవాడే తాళంచెవి కూడా ధర కట్టి అమ్ముతున్నాడు. ఎస్ అండ్ ఎస్ స్మిత్ గెలవటానికి గాలి వెతికాడు. స్టేజ్ వన్ కొనేవాడు తన బండి తనకి పూర్తిగా దక్కలేదన్న అనుమానాన్ని డబ్బులిచ్చి తీర్చుకుంటున్నాడు. నాకు ఇదే కాస్త బాధనిపించింది.

కార్బురేటర్ రోజుల్లో తాళంచెవి అంటే చిన్న ఇత్తడి జెట్టు. 2007 నించి బిగ్ ట్విన్లన్నీ ఫ్యుయల్ ఇంజెక్షన్‌కి మారాక అది సాఫ్ట్‌వేర్ అయింది, అంటే మన పేటలోకి వచ్చింది. హార్లీ కంప్యూటరు లోపలికొచ్చే గాలిని నేరుగా కొలవదు. మానిఫోల్డ్ పీడనం, ఇంజన్ వేగం చూసుకుని, ముందే రాసి పెట్టిన పట్టికలోంచి గాలి ఎంతో ఊహిస్తుంది. నింపాదిగా పోయేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్లు తప్పుని దిద్దుతాయి. థ్రాటిల్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం పట్టిక చెప్పిందే వేదం. ఇంటేకు మార్చి పట్టిక మార్చకపోతే హార్డ్‌వేర్ మారినా పాత కాన్ఫిగ్ ఫైలుతో నడుస్తున్నట్టే, మిక్స్చర్‌లో పెట్రోలు తగ్గి ఇంజన్ వేడెక్కుతుంది. అంచేత పట్టిక మార్చే ట్యూనర్లు కూడా కంపెనీయే అమ్మింది.

అక్కడ దొరికిపోయారు. 2016 ఆగస్టులో ఈపీఏ, అమెరికా న్యాయశాఖ కలిసి హార్లీతో ఒప్పందం రాయించాయి. 2008 నించి 3,40,000 పైచిలుకు సూపర్ ట్యూనర్లు అమ్మారని, వాటి వల్ల బండ్లు అనుమతించిన దానికంటే ఎక్కువ పొగ వదిలాయని అభియోగం. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు, అవి రేసులకి మాత్రమే అంది. జరిమానా 1 కోటి 20 లక్షల డాలర్లు. డీలర్ల దగ్గర మిగిలిన ట్యూనర్లు వెనక్కి కొని ధ్వంసం చెయ్యాలి. ఇంకో 30 లక్షల డాలర్లతో జనం ఇళ్ళల్లో పాత కట్టెల పొయ్యిలు మార్పించాలని కూడా రాసుకున్నారు గానీ, 2017లో కొత్త ప్రభుత్వం వచ్చాక ఆ షరతు ఎత్తేశారు. మూడు లక్షల మంది రేసులాడతారని ఎవరైనా నమ్ముతారా చెప్పండి!

కథ అక్కడితో ఆగలేదు. 2022 జూన్‌లో ఈసారి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వచ్చింది. బయటివాళ్ళ భాగాలు వాడినా, బయట రిపేరు చేయించినా వారంటీ పోతుందన్నట్టు హార్లీ షరతులు రాసిందని అభియోగం. అలా బ్రాండుకి ముడిపెట్టటాన్ని 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం ఒప్పుకోదు. షరతులు మార్చుకున్నారు. అంటే గాలి దగ్గర మొదలైన గొడవ రెండు వైపులా తిరిగింది: ఒకసారి తాళంచెవి మరీ ధారాళంగా అమ్మినందుకు, ఇంకోసారి వేరేవాడి తాళంచెవి వాడొద్దన్నందుకు. నేనైతే రెండు సార్లూ ప్రభుత్వం వైపే. రెండిట్లోనూ దెబ్బ తినేది కౌంటరు ఇవతల నిలబడ్డవాడు, రోడ్డు పక్కన నడిచేవాడు.

సరే, మా వాడి ప్రశ్న. అతని ట్విన్ కామ్ ఇంజన్లో క్రాంక్‌కేసు ఆవిరి సిలిండర్ హెడ్ల మీదుగా, బోలు బోల్టుల ద్వారా ఎయిర్ క్లీనర్ వెనక పలకలోకే వస్తుంది. అంటే ఆ డబ్బా ముక్కు ఒక్కటే కాదు, ఇంజన్ వదిలే ఊపిరిని మళ్ళీ పీల్చుకునే చోటు కూడా. ఆ దారి మూసేసినా, ఒక గొట్టం తగిలించి కిందకి వదిలేసినా, 1980 నిబంధనని వాకిట్లో పారబోసినట్టే, పైగా కాలికి నూనె చిమ్ముతుంది. కాబట్టి చూడాల్సింది మొదట ఆ బోల్టుల ఏర్పాటు. అర్లెన్ నెస్ వాళ్ళ బిగ్ సక్కర్‌లో అది పలకలోనే కలిపేసి ఉంటుంది, స్క్రీమిన్ ఈగిల్ స్టేజ్ వన్‌కీ ఆ ఏర్పాటు ఉంది. ముందుకి పొడుచుకొచ్చే శంకువు ఆకారం ఫిల్టర్లు ఫోటోలో బావుంటాయి, కుడి మోకాలికి మాత్రం కాదు. మూత లేని వాటికి వానలో తొడుగు తొడగాలి. కాలిఫోర్నియాలో ఉంటే భాగం మీద అక్కడి గాలి బోర్డు ఇచ్చే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు ఉందో లేదో కూడా చూసుకోవాలి.

మా వాడిది కార్బురేటర్ బండి, ఇంజెక్షన్ గొడవ లేదు. వెనక పలక మార్చి, నూలు ఫిల్టరు పెట్టి, జెట్టు ఒక సైజు పెంచి, పైన మాత్రం కంపెనీ ఇచ్చిన పాత కోడిగుడ్డు మూతే బిగించాడు. బయట నించి చూస్తే ఏమీ మారలేదు. అందుకని అతనికి కొంచెం దిగులుగానే ఉంది :)