తెగిపోయే గొంతు: ఒక చిన్న చరిత్ర



ఇంట కంప్యూటరు ముందు కూర్చుండి పద్యమో పాటో రికార్డు చేసికొనేవారిని వేధించే బాధ ఒకటి ఉన్నది. చక్కగా సాగుతున్న గొంతు నడుమ టిక్కుమని తెగుతుంది. ఒక అక్షరం సగం మాయమవుతుంది. పాటకు ఇది చిన్న మచ్చ కావచ్చును. పద్యానికి మాత్రం ప్రాణహాని. ఒక్క లఘువు జారితే గణం చెడుతుంది. యతిస్థానంలో అక్షరం లోపిస్తే పద్యమే కుంటుతుంది. ఈ తెగుడు మూలం తెలియాలంటే ధ్వనిముద్రణ చరిత్రను కొంత తడవాలి.

1877లో ఎడిసన్ తగరపు రేకు మీద గొంతును గీతగా దింపాడు. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ గానాన్ని మైనపు ఫలకం మీదికి ఎక్కించినప్పుడు విద్యుత్తు పని లేదు. కొమ్ములోనికి పాడిన గొంతు బలమే సూదిని కదిలించింది. తప్పు దొర్లితే మొదటినుండి మరల పాడవలసినదే. అయితే గొంతుకూ గీతకూ నడుమ మధ్యవర్తి లేడు కనుక ధ్వని నడుమ తెగడమన్నది లేదు.

1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ఏఈజీ సంస్థ మాగ్నెటోఫోన్ అనే టేపు యంత్రాన్ని చూపింది. టేపు పూత ఎక్కడైనా రాలినా, దుమ్ము కణం అడ్డుపడి టేపు హెడ్డుకు అంటకపోయినా ఆ క్షణం ధ్వని లోపిస్తుంది. దానినే టేపులవారు డ్రాపౌట్ అన్నారు. మాట అదే నేటికీ నిలిచింది. కారణం మాత్రం మారిపోయింది.

1982లో వచ్చిన సీడీ సెకనుకు 44,100 నమూనాలుగా ధ్వనిని కొలిచింది. తొలినాళ్ళలో డిజిటల్ ధ్వనిని వీడియో టేపు మీద దాచేవారు. సెకనుకు 60 ఫీల్డులు, ఫీల్డుకు 245 గీతలు, గీతకు 3 నమూనాలు: హెచ్చిస్తే వచ్చేది 44,100.

కంప్యూటరు ఈ నమూనాలను ఒక్కొక్కటిగా అందుకోదు. కొళాయి కింద రెండు బిందెలను ఊహించండి. ఒకటి నిండుతుండగా రెండవదానిని లోపల గుమ్మరించి రావాలి. నీరు ఆగదు. మోసేవాడిని నడుమ ఎవరైనా వేరొక పనికి పిలిస్తే నీరు నేలపాలే. ఆ బిందె పేరే బఫరు. 512 నమూనాల బఫరు సుమారు 12 మిల్లీసెకన్లలో నిండుతుంది. ఒక ‘క’కారపు స్ఫోటం మాయమగుటకు ఆ వ్యవధి చాలును. ప్రాసెసరు వేగం ఎన్ని రెట్లు పెరిగినా ఈ బాధ పోకపోవడానికి కారణమిదే: లోపం బలానిది కాదు, వేళకు రాకపోవడానిది. 1997లో స్టైన్‌బర్గ్ సంస్థ తెచ్చిన ఏసియో పద్ధతి దారిని దగ్గర చేసినది. మోసేవాడి ఇతర పనులను తగ్గించలేదు.

ముందు రోగ నిర్ణయం. రికార్డును రెండుమార్లు వినండి. ప్రతిసారీ ఒకే చోట తెగితే లోపం రికార్డులోనే ఉన్నది. చోటు మారుతుంటే వినిపించడంలోనే ఉన్నది, గొంతు క్షేమం.

ఇక చికిత్స. బఫరును 512కో 1024కో పెంచండి. అప్పుడు మీ గొంతు మీకు ఆలస్యంగా వినబడి పాట తడబడుతుంది కనుక, కంప్యూటరు గుండా కాక ఆడియో ఇంటర్‌ఫేసు నుండి నేరుగా వినండి. పరికరంలోనూ ప్రోగ్రాములోనూ నమూనాల సంఖ్య ఒకటేనా, ఒకచోట 44,100, మరొకచోట 48,000 ఉన్నదా చూడండి. యూఎస్‌బీ తీగను హబ్బుకు కాక కంప్యూటరుకే తగిలించండి. వైఫైని, విద్యుత్తు పొదుపు ఏర్పాటును కాసేపు ఆపండి. ఇన్నిటినీ ఒక్కమారే మార్చకండి. ఒక్కొక్కటి మార్చి మూడు నిమిషాలు పరీక్షగా రికార్డు చేయండి.

మన ఇళ్ళలో ఎనుబదులు దాటిన పద్యగాయకులు ఇంకా ఉన్నారు. వారిచేత మరొకమారు పాడించుకొనే అవకాశం మనకు ఎల్లప్పుడూ దొరకదు. వారిని కూర్చుండబెట్టడానికి ముందే బిందెలు సరిచూచుకొనడం మన విధి.