సూదంటురాయి బడి

మా యమ్మాయికి ఈ శ్రావణమునకు ఐదేండ్లు నిండును. తెనాలి ప్రాంతపు మా పల్లెనుండి మా తల్లి టెలిఫోనులో అడిగిన మొదటి ప్రశ్న, అక్షరాభ్యాసము ఎన్నడని. రెండవది, ఏ బడిలో వేయుచున్నారని. మొదటిదానికి జవాబు సులభము. రెండవదానికి, "ఇంకా తెలియదమ్మా, చీటీలు తీస్తారు, పేరొస్తే కోరుకున్న బడి, రాకపోతే ఇంటి దగ్గర బడి" అని నేను చెప్పగా ఆమె కొంతసేపు మిన్నకుండి, "బడికి లాటరీ ఏమిట్రా, అదేమన్నా చీటీపాటా?" అనినది. ఆ ప్రశ్నకు తిన్నని యుత్తర మీయవలెనన్నచో ఈ దేశపు నూఱేండ్ల చరిత్రను కొంత తడవవలసి యున్నది. టెలిఫోనులో తెమలు విషయము కాదు గనుక ఇచ్చట వ్రాయుచున్నాను.

నేనుండునది అమెరికాలో ఉత్తర కెరొలైనా రాష్ట్రమున, షార్లట్ నగరమునకు దక్షిణపు కొసను. ఈ దేశమున ప్రభుత్వ పాఠశాలలో చదువునకు రుసుము లేదు; కాని బిడ్డ ఏ బడికి పోవలయునన్నది ఇంటి చిరునామాను బట్టి నిర్ణయమగును. కావున ఇల్లు కొనువాడు తెలిసియో తెలియకయో బడిని గూడ కొనుచున్నాడు. మనవారు తెలిసియే కొందురు: ఇల్లు చూడబోయినపుడు వాకిలి తూర్పునకున్నదా యని ఒక చూపు, ఆ పేటబడికి పదింట ఎన్ని మార్కులు వచ్చినవని మఱియొక చూపు. ఈ కట్టడికి వెలుపల నుండునది మాగ్నెట్ పాఠశాల. మాగ్నెట్ అనగా అయస్కాంతము, మన పల్లెటూళ్ల సూదంటురాయి. ఇందు చేరుటకు ఆ పేటలోనే ఇల్లుండ నక్కఱలేదు. ఒక బడిలో మాంటిస్సోరి పద్ధతి, ఒకదానిలో సంగీత నాట్యములు, వేఱొకదానిలో మొదటి దినమునుండి చీనాభాషలోనే పాఠములు. తల్లిదండ్రులు కోరి దరఖాస్తు పెట్టుకొందురు, కోరినవారి సంఖ్య ఖాళీలను మించినచో చీటీలు వేయుదురు, పసుపుపచ్చని బస్సు వచ్చి బిడ్డను తీసికొనిపోవును. ఇంతవఱకు ఇచ్చటి తెలుగువారందఱు నెఱుగుదురు. సూదంటురాయి యన్న పేరు దేనికి వచ్చినది, అది లాగవలసిన యినుము ఎవ్వరు అన్న విచారణ మాత్రము మా విందులలో ఎన్నడును వినబడదు. నేనును పదేండ్లు అడుగలేదు.

రంగును బట్టి మనుష్యులను వేఱువేఱుగా నుంచినను సౌకర్యములు సమానముగా నున్నచో రాజ్యాంగభంగము లేదని 1896లో ఈ దేశపు సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. దక్షిణ రాష్ట్రములు అందులోని 'వేఱు' అను మాటను అక్షరాల పాటించి, 'సమానము' అను మాటను మఱచిపోయినవి. 1954 మే 17వ తేదీన, కాన్సాస్ రాష్ట్రపు టొపీకా నగరమున వ్యాజ్యము మొదలైననాడు మూడవ తరగతి చదువుచుండిన లిండా బ్రౌన్ అను నల్లపిల్ల తండ్రి తదితరులు వేసిన వ్యాజ్యములో, అదే న్యాయస్థానమున తొమ్మండ్రు న్యాయమూర్తులును ఏకకంఠముగా ఆ తీర్పును త్రోసిపుచ్చిరి. తీర్పు కాగితముపై నున్నది. బడులు ఎప్పటి చోటనే యున్నవి. మా షార్లట్‌లో 1957 సెప్టెంబరున పదునైదేండ్ల డొరోతీ కౌంట్స్ తెల్లవారి హార్డింగ్ ఉన్నత పాఠశాలకు నడిచిపోవుచుండగా చుట్టును చేరిన గుంపు వెక్కిరించి ఉమ్మి వేసినది. నాలుగు దినములకే తల్లిదండ్రు లామెను మాన్పించిరి. నాటి ఛాయాచిత్రములో ఆ బాలిక తల ఎత్తుకొనియే యున్నది.

ఇక చెప్పబోవునది నన్ను నిద్రకు దూరము చేసిన కథ. డేరియస్ స్వాన్ అను నల్లజాతి క్రైస్తవ పండితుడు భార్యతో గూడ పెక్కేండ్లు భారతదేశమున మిషనరీగా నుండి, 1964లో షార్లట్‌కు వచ్చి, జాన్సన్ సి. స్మిత్ విశ్వవిద్యాలయమున అధ్యాపకుడాయెను. కుమారుడు జేమ్స్‌కు ఆఱేండ్లు. ఇంటికి దగ్గఱలో సెవర్స్‌విల్ అను బడియున్నది, అందు తెల్లవారును నల్లవారును కలిసి చదువుదురు. అధికారులు బాలుని అచ్చట నుండనీయక, నల్లపిల్లలు మాత్రమే చదువు బిడిల్‌విల్ బడికి పొమ్మనిరి. భారతదేశమున పెరిగిన మా బిడ్డ ఇట్టి వేర్పాటు నెఱుగడు, వాని నందఱతో కలిసి చదువనిండని తల్లిదండ్రులు విన్నవించుకొనిరి. విన్నపము చెల్లకపోగా 1965 జనవరిలో వ్యాజ్యము దాఖలయ్యెను. వారి పక్షమున వాదించిన జూలియస్ చేంబర్స్ ముప్పదియేండ్లైన నిండని నల్లజాతి న్యాయవాది. ఆ యేడే అతని యింటిపై బాంబు వేసిరి, దైవవశమున ప్రాణములు దక్కినవి. ఆఱేండ్ల బాలుని పేరుమీద నడచిన ఆ వ్యాజ్యము 1971 ఏప్రిల్ 20న సర్వోన్నత న్యాయస్థానమున గెలిచినది. బడులను నిజముగా కలుపుటకు అవసరమైనచో పిల్లలను బస్సులలో ఈ పేటనుండి ఆ పేటకు పంపవచ్చునని తొమ్మండ్రును ఒక్క మాటగా చెప్పిరి. పసుపుపచ్చని బస్సు ఈ దేశపు రాజకీయములలోనికి ఎక్కివచ్చినది ఆ తీర్పుతోడనే.

బస్సులపై ఇతర నగరములలో జరిగిన అల్లరులు ప్రసిద్ధములు. 1974లో బోస్టన్‌లో నల్లపిల్లల బస్సులపై రాళ్లు పడినవి. షార్లట్ మాత్రము మొదట గొణిగినను క్రమముగా ఒదిగినది. దీనికి సద్బుద్ధి యొక కారణమైనచో భూగోళము మఱియొక కారణము: ఇచ్చట నగరమును చుట్టుపట్ల జిల్లాయు 1960లోనే ఒకే విద్యామండలి క్రిందికి వచ్చియుండుటచే, నల్లవారితో చదువుట కిష్టపడని తెల్లవాడు ఊరవతలికి పోయినను బస్సు వెన్నంటి వచ్చును. డెట్రాయిట్‌లో నట్లు గాదు. నగరమునకు వెలుపలి మండలములను ఈ బస్సుల పద్ధతిలోనికి ఈడ్వరాదని 1974లో సర్వోన్నత న్యాయస్థానమున అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మఱియొకవైపు నిలిచి తీర్పు చెప్పిరి. దానితో ఎల్లదాటి పోగల స్తోమతు గలవారు చాలమంది పోయిరి, లేనివారు మిగిలిరి. షార్లట్ తన బస్సులకు గర్వించెననుటకు ఒక నిదర్శనము గలదు. 1984 ఎన్నికల ప్రచారమున అధ్యక్షుడు రీగన్ ఇచ్చటికి వచ్చి, ఈ బస్సుల పద్ధతి విఫలమైనదని నిందింపగా, అంతవఱకు కేరింతలు గొట్టుచున్న ఆయన సభికులే మౌనము వహించిరి. మఱునాడు స్థానిక దినపత్రిక, అధ్యక్షుడు పొరబడినాడని సంపాదకీయము వ్రాసెను.

బలవంతము పనికిరాని చోట ఆకర్షణ పనికివచ్చునేమో యన్న ఆలోచనయే సూదంటురాయి బడి. 1968లో వాషింగ్టన్ రాష్ట్రపు టకోమా నగరమున, నల్లవారు వసించు పేటలోని మెకార్వర్ ప్రాథమిక పాఠశాలను మేలైన బోధనాపద్ధతులతో తీర్చిదిద్ది, ఊరిలోని ఎవ్వరైన చేరవచ్చునని తలుపులు తెఱచిరి. మఱుసటి యేడు బోస్టన్‌లో ట్రాటర్ పాఠశాల అట్లే వెలసినది. 1976 నుండి కేంద్రప్రభుత్వము ఇట్టి బడులకు ధనసహాయ మొనర్చసాగినది. ఇందలి యుక్తిని గమనింపుడు: న్యాయమూర్తి యాజ్ఞాపించినచో న్యాయస్థానమునకెక్కు తండ్రియే, పియానో పాఠమో ఫ్రెంచి భాషయో యున్నదన్నచో తన బిడ్డను తానే బస్సెక్కించి, ఎన్నడును అడుగిడని పేటకు పంపును. మనుష్యుని మనస్సాక్షికంటె అతని బిడ్డపై నుండు ఆశ బలీయమని గ్రహించినవాడెవ్వడో ఈ బడిని కల్పించినాడు. దీనిని మోసమనుటకు నాకు నోరు రాదు, లౌక్యమందును.

షార్లట్‌లో ఈ బడులు విరివిగా వచ్చినది 1992లో, బస్సుల పద్ధతిని సడలించి వాని స్థానమున వీనిని నిలిపినపుడు. కాని ఆకర్షణకు గూడ లెక్క యుండవలెను గదా! నూటికి అఱువది సీట్లు నల్లవారు కానివారికి, నలుబది నల్లవారికి అని నియమించిరి. ఒకవైపు సీట్లు ఖాళీగా నుండును, రెండవవైపు పిల్లలు వరుసలో నిలిచియుందురు. 1997లో ఒక తండ్రి, తన చిన్నకూతురికి మాగ్నెట్ ప్రాథమిక పాఠశాలలో సీటు దొరకకుండుటకు ఆమె నల్లపిల్ల కాకపోవుటయే కారణమని దావా వేసెను. ఆ దావాను పాత స్వాన్ వ్యాజ్యముతోడనే కలిపి విచారించి, 1999లో న్యాయమూర్తి, ఇచ్చట పాత అన్యాయపు జాడలు తొలగిపోయినవి, ఇక కలుపవలసిన పని లేదని తీర్పిచ్చెను. ఆ న్యాయమూర్తి సామాన్య పౌరుడై యున్నకాలమున బస్సులకు వ్యతిరేకముగా విన్నపమునకు చేవ్రాలు పెట్టినవాడన్న సంగతి ఇచ్చటి వృద్ధులు నేటికిని చెప్పుకొందురు. ఆఱేండ్ల బాలుని బడి కొఱకు మొదలైన వ్యాజ్యము, అదే యీడు బాలిక బడి కొఱకు ముగిసినది. 2007లో సర్వోన్నత న్యాయస్థానము దేశమంతటను ఒక్కొక బిడ్డ రంగును చూచి బడి నిర్ణయింపరాదనెను. ఇప్పుడు మా నగరమున చూచునది రంగు గాదు, కలిమి: 2016లో చేసిన నియమము ననుసరించి, ప్రతి పేటలోని కుటుంబముల ఆదాయము, తల్లిదండ్రుల చదువు మొదలగునవి లెక్కించి, బిడ్డలను ఎగువ, నడిమి, దిగువ యని మూడు తరగతులుగా విభజించి, ఒక్కొక బడిలో మూడును కలియునట్లు చీటీలు వేయుచున్నారు.

మా పేట ఎగువ తరగతి. సూదంటురాయి లాగవలసిన ఇనుపరజను మేమే యని నాకు అప్పుడు బోధపడెను. అప్పు చేసి విమానమెక్కినవాడను, ఏనాటి కలవాడను! ఇంకొక మాట గూడ చెప్పవలెను. 1965కు పూర్వము భారతదేశమునుండి ఈ దేశమున స్థిరపడుటకు ఏడాదికి నూర్గురికి మాత్రమే అనుమతి. ఆ గోడను కూల్చిన చట్టముపై అధ్యక్షుడు జాన్సన్ సంతకము చేసినది 1965 అక్టోబరు 3న, నల్లవారి హక్కుల పోరాటము తెఱచిన దారిలోనే. జేమ్స్ స్వాన్ వ్యాజ్యము పుట్టిన యేడే నా వీసాకు బీజము పడినదన్నమాట. అయినను మా తెలుగు బృందములో ఈ బడుల ప్రసక్తి వచ్చినపుడు, "అక్కడ క్రౌడ్ ఎలాంటిది?" అన్న ప్రశ్నయే ముందు వచ్చును. ఆ మాటకు అర్థము అడిగినవానికిని తెలియును, విన్నవానికిని తెలియును.

మాకు రెండు బడులు నచ్చినవి. ఒకటి చీనాభాషలో బోధించునది. ఇంట తెలుగు, బడిలో చీనా, ఇంగ్లీషు దానంతటదే వచ్చునని నా భార్య వాదము, అందు యుక్తి లేకపోలేదు. రెండవది నగరమధ్యమునకు చేరువనున్న ఇర్విన్ అకడెమిక్ సెంటర్. తల్లిదండ్రులకు బడి చూపించు దినమున పోయితిమి. పొట్టి కుర్చీలు, గోడలపై పిల్లల బొమ్మలు, చిలుకపచ్చ చొక్కాతో ఎదురువచ్చి మా యమ్మాయికి చెయ్యి చాచిన నల్లపిల్ల. అన్ని బడులవలెనే యున్నది. ఇంటికి వచ్చి చదువగా తెలిసినది: ఆ బడి యున్న స్థలమే నాటి హార్డింగ్ ఉన్నత పాఠశాల స్థలము. డొరోతీ కౌంట్స్ నాలుగు దినములు మాత్రము నడువగలిగిన త్రోవలో మా కారు నిలుపుటకు చోటు వెదకుకొంటిమి.

ఆ రాత్రి నాకు మా యూరు జ్ఞప్తికి వచ్చినది. మా యూరిలోను రెండు బడు లుండెడివి. ఒకటి రావిచెట్టు క్రింది పెద్దబడి, నేను చదివినది. రెండవది కాలువ కావల, పేరుపలక మీద మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అనియు, దాని ప్రక్క హరిజనవాడ అనియు వ్రాసియుండునది. అవే ప్రభుత్వ వాచకములు, అవే పాఠములు, ఒకే యిన్‌స్పెక్టరు. ఎవరు ఏ బడికి పోవలెనని ఏ చట్టమును వ్రాయలేదు. వ్రాయవలసిన పని లేకపోయెను. ఆఱవ తరగతిలో ఉన్నత పాఠశాలకు పోయినపుడు గాని, నా యీడువారు ఇరువదిమంది ఆ కాలువ కావల నున్నారని నే నెఱుగను. స్వాన్ దంపతుల బిడ్డ వేర్పాటు నెఱుగక పెరిగిన భారతదేశము అబద్ధమని నే ననలేను; ఆ బాలునికి అది నిజమే. కాని ఆ తల్లిదండ్రుల విన్నపమును షార్లట్‌లో విన్నవారెవ్వరును మా కాలువను చూడలేదు. ఆ బడి గుమ్మము నేను నేటివఱకు త్రొక్కలేదు.

అమ్మ నడిగితిని, ఆ రెండు బడులును ఉన్నవా యని. "ఉన్నాయి, పిల్లలేరీ? అందరూ తెనాలి కాన్వెంటు బస్సులో పోతున్నారు, పసుపు బస్సు. డబ్బు కట్టగలిగినోళ్లు" అనినది.

దరఖాస్తులో బడుల పేర్లను వరుసక్రమమున వ్రాయవలెను. గడువు దినమున బిడ్డ నిద్రపోయిన పిమ్మట ఇద్దఱము కూర్చుండి, మొదటి గడిలో ఇర్విన్ అనియు, రెండవ గడిలో చీనా బడి యనియు వ్రాసితిమి. మఱునాడు ఒక మిత్రుడు ఎందుకట్లు వ్రాసితిరని అడుగగా, నా భార్య, "ఇర్విన్‌కి బస్సు పదిహేను నిమిషాలు తక్కువండీ" అని చెప్పినది. అదియు నిజమే.