ఒక సంవాదము, దాని ప్రేక్షకులు

రాజకీయ సంవాదము వినుటకు జనులు గుమిగూడుట ప్రాచీనమైన అలవాటు. అట్టి సంవాదమును తమ యింట కూర్చుండి, తమకు కనబడని లక్షలమందితోపాటు చూచుట, పిమ్మట దానినిగూర్చి తమలో తాము వాదించుకొనుట ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున వ్యాపించినది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1966 ఏప్రిల్ నెలలో ఆరంభమై 1999 డిసెంబరులో ముగిసిన ‘ఫైరింగ్ లైన్’ అను టెలివిజన్ కార్యక్రమము ఈ అలవాటునకు మంచి నిదర్శనము. దానిని నడపినవాడు విలియం ఎఫ్. బక్లీ. ఆ 33 సంవత్సరములలో 1,500కు పైగా సంచికలు వెలువడినవి. నడపినవాడు మాత్రము మాఱలేదు. 1966నాటికి మన దేశమున టెలివిజన్ ఢిల్లీ నగరమునకే పరిమితము. హైదరాబాదు కేంద్రము 1977లో గాని రాలేదు. కావున ఆ కార్యక్రమముగాని, దానినిగూర్చి అచ్చటివారు పడిన తగవుగాని నాడు మన చెవిని పడలేదు. ఈ వ్యాసము బక్లీ జీవితచరిత్ర కాదు. ఆయనను చూచినవారు ఏమి వాదించుకొనిరి, ఆ వాదము నిజముగ దేనినిగూర్చినది, అనునదే ఇచ్చట విచారణీయము.

బక్లీ 1925లో పుట్టెను. 1955లో ‘నేషనల్ రివ్యూ’ అను పత్రికను స్థాపించెను. 1964 అధ్యక్ష ఎన్నికలలో సంప్రదాయవాదుల అభ్యర్థి బారీ గోల్డ్‌వాటర్ ఘోరముగ ఓడిపోయెను. మఱుసటి సంవత్సరము బక్లీయే న్యూయార్కు నగరాధ్యక్ష పదవికి పోటీచేసి నూటికి 13 వంతుల ఓట్లు మాత్రము పొందెను. విచిత్రమేమనగా, ఆ ఓటమివలననే ఆయన పేరు దేశమంతట వినబడెను. దేశవ్యాప్తముగ ప్రసారముచేయు పెద్ద సంస్థలు మూడే ఉండిన ఆ కాలమున తమ మాట వినిపించుటకు తావులేదని సంప్రదాయవాదులు మొఱపెట్టుకొనుచుండిరి. అట్టి సమయమున న్యూయార్కులోని ఒక స్థానిక కేంద్రము బక్లీకి వారమునకు ఒక గంట ఇచ్చెను. ఆ గంటలో ఆయన తన పక్షమువారినే పిలిచి, తలలూపించుకొని, పంపివేయవచ్చును. అట్లు చేయలేదు. ఆయన పిలిచిన మొదటి అతిథులలో ఒకడు నార్మన్ థామస్; ఆఱుమార్లు సోషలిస్టు పక్షము తరపున అధ్యక్ష పదవికి పోటీచేసిన వృద్ధుడు. ఇరువురును వియత్నాం యుద్ధమునుగూర్చి వాదించిరి.

అనువాదకుని చిక్కు ఒకటి ఇచ్చట చెప్పవలసియున్నది. ‘కన్సర్వేటివ్’ అను మాటకు హిందీలో ‘అనుదార్’ అనియు ‘రూఢివాదీ’ అనియు వాడుక కలదు. మొదటిది ఔదార్యము లేనివాడను అర్థమును వెంటబెట్టుకొనివచ్చును. రెండవది గాడి విడువని బండిని తలపించును. తెలుగున ‘మితవాది’ అందుము; కాని బక్లీ మాటలలో మితమను గుణము నాకు కానరాలేదు. ‘ఛాందసుడు’ అన్నచో తిట్టగును. కావున ‘సంప్రదాయవాది’ అని వ్రాయుచున్నాను, తృప్తితో కాదు. పేరు పెట్టునప్పుడే తీర్పు చెప్పివేయు ఈ ప్రమాదము ఆ కార్యక్రమపు ప్రేక్షకులకును తప్పలేదు.

చూచినవారికి మొదట కంటబడునది బక్లీ కూర్చుండు తీరు. కుర్చీలో నడుము జారవేసి, తల వెనుకకు వాల్చి, చేత పెన్సిలు పట్టుకొని, కనుబొమలు ఎగురవేయుచు, నిఘంటువు తెఱవక అర్థముకాని మాటలు వాడును. ధనికుని అహంకారమని కొందఱు. సామాన్యుని తక్కువగ ఎంచక తన స్థాయికి పిలుచు మర్యాదయని కొందఱు. ప్రౌఢప్రబంధము చదువునపుడు మన పాఠకులలో పుట్టు రెండు భావములును ఇవియే కదా! కాని తగవు వేషభాషలవద్ద ఆగలేదు. ఆగకుండుటకు కార్యక్రమపు కట్టుబాటే కారణము. ఒక గంటసేపు, ఒకరో ఇద్దరో అతిథులు, ఒకే విషయము. తొలి సంవత్సరములలో మధ్యవర్తి యొకడు ఉండెడివాడు. చివరిభాగమున ప్రశ్నకర్తలు, తఱచు విద్యార్థులో ఎదురుపక్షమువారో, అతిథిని మాత్రమే కాక ఆతిథేయిని కూడ నిలదీసెడివారు. 1971లో కార్యక్రమము సౌత్ కెరొలినా రాష్ట్ర సంస్థద్వారా సార్వజనిక టెలివిజన్‌కు మాఱెను. అటుపిమ్మట సంచికల పాఠములను అచ్చువేసి కోరినవారికి టపాలో పంపుచుండిరి. ఇది చిన్న విషయముగ తోచవచ్చును. కాని భోజనమువేళ తండ్రికొడుకులు తగవులాడునపుడు ‘అతడట్లనలేదు’ అను మాటకు సాక్ష్యమీయగల కాగితము చేతనుండుట సామాన్యము కాదు. బక్లీ తన పత్రికలో ఒక శీర్షిక క్రింద తనను తిట్టుచు వచ్చిన జాబులను సైతము అచ్చువేసి, వానికి చురుకైన సమాధానములు వ్రాయుచుండెను.

మన నైయాయికులు కథను మూడు విధములుగ విభజించిరి. తత్త్వము తెలిసికొనుటకు చేయునది వాదము. గెలుపుకొఱకు చేయునది జల్పము. తనకంటూ స్థాపింపవలసిన పక్షము లేక ఎదుటివాని పక్షమును పడగొట్టుటయే పనిగా చేయునది వితండ. ఫైరింగ్ లైన్ ఈ మూడింటిలో ఏది అనునదే ప్రేక్షకుల కలహమునకు మూలమని నాకు తోచును. వారు ఈ పేర్లెఱుగరు, అంతే. ఎడమపక్షమువారి ఆక్షేపణ ఇది: సొంత గదిలో, సొంత నియమములతో, మాటనేర్పే ఆస్తిగా గలవాడు పిలిచిన పేరంటమున సత్యము తేలదు, పైగా చెడ్డ అభిప్రాయమునకు పెద్దమనిషితనము అబ్బును. కుడిపక్షమువారి ఆక్షేపణ దీనికి సరిగా విపరీతము: దేశమును తలక్రిందులు చేయదలచినవారికి పీటవేసి గంటసేపు మాటలాడనిచ్చుట ఏమి సంప్రదాయవాదము? 1968లో ఆలెన్ గిన్స్‌బర్గ్ అను కవి అతిథిగా వచ్చెను. 1962, 1963 సంవత్సరములలో కాశీ, కలకత్తాలలో నివసించి వెళ్ళినవాడు ఆయన. హార్మోనియము వాయించుచు ‘హరే కృష్ణ’ నామకీర్తనమును తాపీగా పాడెను. బక్లీ అడ్డగింపక విని, ఇంత తీరికయైన కృష్ణకీర్తన తానెన్నడును వినలేదని చమత్కరించెను. వెక్కిరింతయని ఒకరు, ఓర్పని ఒకరు, దుర్బలతయని వేఱొకరు ఆ దృశ్యమును తమ తమ మనసునుబట్టి చదువుకొనవచ్చును.

ఓర్పు, మర్యాద అను మాటలవద్ద మనము ఒకింత ఆగవలెను. 1957 ఆగస్టులో బక్లీ పత్రిక ఒక సంపాదకీయమున, దక్షిణ రాష్ట్రములలోని తెల్లజాతివారు సంఖ్యలో తక్కువగ ఉన్న తావులందు కూడ రాజకీయాధికారము తమచేతనే ఉంచుకొనుటకు అర్హులని వాదించినది. 1965 ఫిబ్రవరిలో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి యూనియన్‌లో, అమెరికా స్వప్నము నల్లజాతివారిని బలిగొని సాధింపబడినదను తీర్మానముపై ఆయన నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్‌ను ఎదిర్చి, 544–164 ఓట్లతో ఓడిపోయెను. ఓటుహక్కు తమకు దక్కునా దక్కదా అని ఎదురుచూచిన జనులకు ఈ వాదప్రతివాదములు వినోదము కాజాలవు. చక్కగా మాటలాడు ప్రత్యర్థి మోటుగా మాటలాడు ప్రత్యర్థికంటె వారికి మేలేమియు కాదు. 1973లో బ్లాక్ పాంథర్ పక్షస్థాపకులలో ఒకడైన హ్యూయీ న్యూటన్ ఫైరింగ్ లైన్‌కు వచ్చినపుడు తానే ముందుగ ప్రశ్నవేసెను: 1776 విప్లవమున మీరు ఏ పక్షమున నిలిచియుందురు? వాషింగ్టన్ పక్షముననే కాబోలునని బక్లీ కొంచెము సందేహముతో బదులిచ్చెను. ప్రశ్నించువాడు ఆతిథేయి, జవాబుదారి అతిథి అను కట్టుబాటు ఒక్క ప్రశ్నతో తిరుగబడినది. చాలకాలము తరువాత, 2004లో, బక్లీ ఒక పత్రికతో మాటలాడుచు ఆనాటి తన అభిప్రాయము పొరపాటనియు, కేంద్రప్రభుత్వము జోక్యము కలిగించుకొనుట అవసరమైనదనియు ఒప్పుకొనెను.

తన కార్యక్రమమున ఆయన నిలుపుకొన్న నిగ్రహము అన్యత్ర నిలువలేదు. 1968 ఆగస్టులో ఒక పెద్ద ప్రసారసంస్థ పక్షముల మహాసభల సందర్భమున ఆయనను నవలాకారుడు గోర్ విడాల్‌తో ఎదురెదురుగ కూర్చుండబెట్టెను. విడాల్ ఆయనను ప్రచ్ఛన్న నాజీ యనగా, బక్లీ అసభ్యమైన దూషణతో మొగముమీద కొట్టుదునని బెదిరించెను. అది వితండకంటెను దిగువమెట్టు. కాని తరువాతి కాలపు టెలివిజన్ ఫైరింగ్ లైన్‌నుండి కాక ఈ రాత్రినుండి ఎక్కువ నేర్చుకొన్నది.

నా దృష్టిలో ఆ కార్యక్రమపు ప్రేక్షకులకు నిజమైన పరీక్ష పనామా కాలువ విషయమున వచ్చినది. 1977 సెప్టెంబరు 7న అధ్యక్షుడు కార్టర్, పనామా అధినేత టొరిఖోస్ రెండు ఒడంబడికలపై సంతకము చేసిరి. 1999 అంతమునకు కాలువ పనామా వశము కావలెనని వాని సారాంశము. మనము త్రవ్విన కాలువను మనమేల విడువవలెనని సంప్రదాయవాదులలో అత్యధికులు మండిపడిరి. వారికి గొంతు రోనాల్డ్ రీగన్. బక్లీ మాత్రము ఒడంబడికలను సమర్థించెను. 1978 జనవరి 13న కొలంబియాలోని సౌత్ కెరొలినా విశ్వవిద్యాలయమున ఇరువురును ఫైరింగ్ లైన్ వేదికపై తలపడిరి. మాజీ సెనేటరు శామ్ ఎర్విన్ అధ్యక్షత వహించెను. ఇరుప్రక్కల నౌకాధిపతులు, రచయితలు ఉండిరి. రీగన్ తన వంతు రాగానే, మీరింకను ఇటు పరుగెత్తివచ్చి జ్ఞానోదయమైనదని ఏల చెప్పలేదని అడిగెను. మఱింత చేరువకు వచ్చినచో నా వెలుగునకు మీ కన్నులు చెదరునని బక్లీ బదులిచ్చెను. నవ్వులాటలు అవియే; తక్కిన కాలమంతయు కాలువ రక్షణ, సార్వభౌమత్వము, లాటిన్ అమెరికాలో దేశమునకు గల పేరు.

ఇతర రాత్రులలో ప్రేక్షకునకు తన మనిషి ఎవరో ముందే తెలిసియుండును. అతడు గెలిచెనా లేదా అని మాత్రమే చూచుచుండును. ఆ రాత్రి సంప్రదాయవాదియగు ప్రేక్షకునకు ఇరువురును తనవారే. జెండాను చూచి చప్పట్లు కొట్టు వీలులేక హేతువును వినవలసివచ్చినది. సెనేటు ఆ మార్చి, ఏప్రిల్ నెలలలో రెండు ఒడంబడికలను 68–32 ఓట్లతో ఆమోదించినది. 1980లో రీగన్ అధ్యక్షుడుగ ఎన్నికయ్యెను. బక్లీతో ఆయన స్నేహము చెడలేదు. మన నైయాయికుల లెక్కలో వాదమని పిలువదగిన సంచికను ఒకదానిని చూపుమన్నచో నేను దీనిని చూపుదును.

ఈ గుణమంతయు ఒక మనిషి సంస్కారమున కంటగట్టుట సరికాదు. 1949నుండి అమెరికా ప్రసారములపై ఒక నియమము అమలులో ఉండెను: వివాదాస్పదమైన ప్రజావిషయములను చర్చింపవలెను, భిన్నాభిప్రాయములకు తావీయవలెను. 1969లో సర్వోన్నత న్యాయస్థానము దానిని సమర్థించినది. అదే సంవత్సరము నవంబరులో ఉపాధ్యక్షుడు ఆగ్న్యూ, పెద్ద సంస్థల వ్యాఖ్యాతలు ఒంటిపక్షపువారని డెమాయిన్ నగరమున దుమ్మెత్తిపోయగా ప్రేక్షకుల జాబులు, తంతివార్తలు ఆ సంస్థలపై వెల్లువెత్తినవి. ప్రేక్షకునకు నాడు తప్పించుకొని పోవు తావు తక్కువ. నచ్చనిదానిని చూచుచునే తగవులాడవలెను. 1987లో ఆ నియమము రద్దయినది. దానిని శాసనముగ నిలుపుటకు కాంగ్రెసు చేసిన ప్రయత్నమును తోసిపుచ్చినవాడు అధ్యక్షుడు రీగనే. మఱుసటి సంవత్సరము రేడియోలో రష్ లింబా దేశవ్యాప్తముగ వినబడజొచ్చెను. 1996లో ఫాక్స్ న్యూస్ చానెలు పుట్టెను. ఒక్క నియమపు రద్దే ఈ మార్పునకు కారణమనుట అతిశయోక్తి. చానెళ్ళు పెరిగినకొలది ప్రేక్షకుడు తన పక్షమువారి గుంపునకే పోగలిగెను. సంప్రదాయవాదుల పాత మొఱ తీరినది. కాని బక్లీ వేసిన పీట, ఎదుటివానికి గంటసేపు వేసిన పీట, ఆ క్రొత్త ఇండ్లలో అరుదుగ కనబడును.

ఫైరింగ్ లైన్ 1999 డిసెంబరులో ముగిసినది. ఆ నెల 31న కాలువ పనామా చేతికి వచ్చెను. బక్లీ 2008లో మరణించెను. 2018లో అదే పేరుతో ఆ కార్యక్రమమును మార్గరెట్ హూవర్ సార్వజనిక టెలివిజన్‌లో పునరుద్ధరించెను. పాత సంచికలు స్టాన్‌ఫర్డ్‌లోని హూవర్ సంస్థ భాండారమున కలవు. 1969లో నోమ్ చోమ్‌స్కీతో జరిగిన సంచికను చూచిన నేటి యువకులు, ఎవరు గెలిచిరని తాతలవలెనే తగవులాడుకొనుచున్నారు.