నవంబర్ 17: గ్రీసు స్టూడెంట్ల తేదీ

గ్రీసు అనగానే మనకు సోక్రటీసు, అలెగ్జాండర్ గుర్తొస్తారు. పాఠాల్లో అంతవరకే చెప్పారు మరి. మన అన్నలు, అక్కల వయసు పిల్లలు అక్కడ ఏం చేశారో ఈ పోస్టులో చూద్దాం.

1967 ఏప్రిల్ 21న కొంతమంది కల్నళ్లు ట్యాంకులు దింపి అధికారం గుంజుకున్నారు. వాళ్ల నాయకుడు పాపడోపౌలోస్. పార్టీలు బంద్, పేపర్లకు సెన్సార్, ఎదురు మాట్లాడినోళ్లను దీవులకు పంపించడం. కాలేజీ సంఘాలకు ఎన్నికలు లేవు, పైనుంచి పెట్టినోళ్లే లీడర్లు. 1973లో అయితే గొంతెత్తిన స్టూడెంట్లను చదువు మాన్పించి మిలిటరీలో చేర్చారు. శిక్షగా అన్నమాట!

ఆ ఏడాది నవంబర్ 14న ఏథెన్స్ పాలిటెక్నిక్‌లో స్టూడెంట్లు గేట్లు మూసి లోపలే కూర్చున్నారు. (పాలిటెక్నిక్ అంటే మన డిప్లొమా కాలేజీ అనుకోకండి, అది పెద్ద ఇంజనీరింగ్ యూనివర్సిటీ.) రొట్టె, చదువు, స్వేచ్ఛ, ఈ మూడే వాళ్ల నినాదం. ల్యాబుల్లో దొరికిన సామాన్లతోనే రేడియో ట్రాన్స్‌మిటర్ తయారు చేసి ఊరంతటికీ వినిపించారు. ఆ రేడియోలో మాట్లాడిన మరియా దమనాకి తర్వాత ఎంపీ అయ్యింది, యూరోపియన్ కమిషనర్ కూడా అయ్యింది. కూలీలు, బడి పిల్లలు, మామూలు జనం వేలల్లో వచ్చి కాలేజీ చుట్టూ నిలబడ్డారు.

17వ తేదీ తెల్లవారుజామున మూడు గంటలకు ట్యాంకు మెయిన్ గేటును గుద్దేసింది. అప్పటికి గేటు మీద పిల్లలు ఎక్కి ఉన్నారు. ఆ రోజుల్లో చనిపోయిన 24 మంది పేర్లను పరిశోధకులు తర్వాత ఆధారాలతో తేల్చారు. ఎక్కువమందికి చుట్టుపక్కల వీధుల్లోనే తూటాలు తగిలాయి. వాళ్లలో ఐదేళ్ల బాబు కూడా ఉన్నాడు.

దీంతోనే నియంతలు పడిపోయారని కొందరు రాస్తారు. అట్లా జరగలేదు. నవంబర్ 25న ఇంకా కఠినుడైన ఇయోనిడిస్ వచ్చి పాపడోపౌలోస్‌నే దింపేశాడు. 1974 జూలైలో సైప్రస్‌లో తిరుగుబాటు చేయించి, టర్కీ సైన్యం అక్కడ దిగేసరికి వాళ్ల పని అయిపోయింది. అయితే జనం ముందు వాళ్లకు మిగిలిన కాస్త పరువు మాత్రం ఆ గేటు దగ్గరే పోయిందని మా అభిప్రాయం.

సరిగ్గా ఏడాదికి, 1974 నవంబర్ 17న, గ్రీసులో ఓట్లు పడ్డాయి. పదేళ్ల తర్వాత వచ్చిన పార్లమెంటు ఎన్నికలవి. కరమన్లిస్ పార్టీకి 300 సీట్లలో 220 వచ్చాయి. ఇంకో బాధాకరమైన సంగతి: ఇదే తేదీని పేరుగా పెట్టుకుని ఒక సాయుధ ముఠా 1975 నుంచి 23 మందిని చంపింది. 2002లో గానీ వాళ్లు దొరకలేదు. రొట్టె, చదువు అడిగిన పిల్లల తేదీకి, ఆ హత్యలకు ఏం సంబంధం?

పోలీసులు యూనివర్సిటీల్లోకి రాకూడదని 1982లో చట్టం చేశారు. 2019లో ఆ రక్షణ తీసేశారు, దాని మీద వాదన ఇప్పటికీ నడుస్తోంది. వంగిపోయిన ఆ గేటును మాత్రం క్యాంపస్‌లోనే ఉంచారు. ఏటా నవంబర్ 17న బడులు మూసి, దాని మీద పూలు పెట్టి, అక్కడి నుంచి అమెరికా ఎంబసీ దాకా ఊరేగింపుగా నడుస్తారు. కల్నళ్లకు అమెరికా అండ ఉందన్న కోపం వాళ్లకు ఇంకా చల్లారలేదు.